చీపురుకు యోగం పట్టే వారం

మార్చి 4 దగ్గర పడుతోందంటే మన గుంటూరు చుట్టుపక్కల మిల్లుల్లో చీపురుకు రాజయోగం పడుతుంది. 1966లో ఆ తేదీన, పనిచోట ప్రమాదాలు జరక్కుండా చూసే జాతీయ భద్రతా మండలి పుట్టింది కాబట్టి ఆ రోజు జాతీయ భద్రతా దినం, అక్కణ్ణుంచి పదో తేదీ దాకా వారోత్సవం. మిగతా వారాల సంగతేమిటని అడక్కండి. అవి సీజను, అన్‌సీజను.

ఈసారి పత్తి నుంచి గింజలు వేరుచేసే ఓ జిన్నింగ్ మిల్లువారు నన్ను కూడా పిలిచారు. లోపల అడుగుపెట్టగానే గోడంత ఫ్లెక్సీ: ‘భద్రతే మా ఊపిరి’. యజమాని గారు, వారి అబ్బాయి గారు, ఇంకా మాటలు రాని మనవడు గారు, ముగ్గురూ హెల్మెట్లు పెట్టుకుని నమస్కరిస్తున్నారు. మనవడి గారి బొజ్జ దగ్గర ఫ్లెక్సీ కాస్త ఉబ్బెత్తుగా ఉంటే గాలికేమో అనుకున్నాను. కాదు, తలుపు గడియ. అత్యవసర ద్వారానికి అడ్డంగా కట్టారు ఫ్లెక్సీని.

“ఇంత గోడ ఖాళీగా ఉంటే ఇక్కడే ఎందుకు కట్టారండీ?” అన్నాను.

మేస్త్రీ నావంక జాలిగా చూశాడు. “ఆ తలుపు ఎవరూ వాడరు కదండీ, అందుకని.”

కాదనలేం. నిప్పంటుకుంటేనే కదా వాడేది.

ఆ తలుపు అవతల ఏముందో కూడా చెప్పాలి. మన మిల్లుల్లో చెత్త అనే పదార్థం ఉండదు. కాలిపోయిన మోటారు, తెగిన బెల్టులు, అరిగిన రోలర్లు, బేళ్లకు కట్టగా మిగిలిన ఇనుప పట్టీలు, ఒంటిచక్రం తోపుడుబండి, నిరుటి భద్రతా వారోత్సవం ఫ్లెక్సీ, ఇవన్నీ ఆస్తులు. ‘ఉండనీరా, పనికొస్తుంది’ అన్న ఒక్క మాటతో నడిచేదారికి అటూ ఇటూ స్థిరపడినవి. ముఖ్య అతిథి వస్తున్నాడని ముందురోజు ముఠావాళ్లను పెట్టి ఈ ఆస్తులన్నిటినీ ఆయన కంటపడని ఏకైక స్థలానికి తరలించారు. అంటే ఆ తలుపు వెనక సందులోకి. రేపు లోపల మంట లేస్తే కూలీలు ముందు యజమాని వంశాన్ని నిలువునా చించి, గడియ తీసి, మోటారెక్కి, రోలర్ల మీంచి దిగి, తోపుడుబండిని తప్పుకుని బయటపడాలి. ఆడవాళ్లు చీరలతో.

ఈ సందు పక్కనే గోడకు, పనిచోటు సర్దుకోవడానికి జపాను వారు చెప్పిన ఐదు సూత్రాల బోర్డు ఉంది. సెయిరి, సెయిటన్, సెయిసో, సెయికెట్సు, షిట్సుకే. అక్కర్లేనివి తీసేయమన్నది మొట్టమొదటి సూత్రం. తక్కిన నాలుగింటి జోలికి పోయే అవసరం మనవాళ్లకు ఇంతవరకూ రాలేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మరీ అమాయకపుది. చెత్త ఏ రోజుకారోజు ఎత్తమంది, పనిచేసే గది నేలను వారానికోసారైనా కడగమంది, గోడలకు 14 నెలలకోసారి సున్నం వేయమంది. నడిచే చోట అడ్డంకులు గానీ జారే పదార్థాలు గానీ ఉండకూడదంది. లోపల ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే 5 రూపాయల దాకా జరిమానా అంది. 5 రూపాయలకు ఇప్పుడు ఉమ్మడానికి సరిపడా కిళ్లీ కూడా రాదు. ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మోటారు మాత్రం పాతదే.

సరే, అతిథి వచ్చారు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా మంచి ఉత్సాహంతో వచ్చారు. “మంట ఆర్పే పరికరం ఎలా వాడతారో చూపించండి” అన్నారు. అదీ కార్యక్రమంలో ఉన్నదే. కాకపోతే పరికరం ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. గుమాస్తా మేస్త్రీని చూశాడు, మేస్త్రీ ఫిట్టరును చూశాడు, ఫిట్టరు అతిథిని చూశాడు. చివరికి బేళ్ల దొంతర వెనక దొరికింది. దసరాకు ఆయుధపూజలో పెట్టిన పసుపు కుంకుమలు చెక్కుచెదరలేదు. మెడలో బంతిపూల దండ వడియంలా ఎండి ఉంది. పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఫిట్టరు పటకారు తెచ్చి లాగాడు. సుత్తి తెచ్చాడు. అతిథి రెండడుగులు వెనక్కి వేశారు. సుత్తికీ లొంగని ఆ భక్తిని చూసి యజమాని గారు ఒక కుర్రాణ్ణి బండిమీద రోడ్డవతలి పెట్రోలు బంకుకు తోలారు, వాళ్లది బదులు తెమ్మని. తెచ్చాడు. ఆ అరగంటా బంకు పూర్తిగా దేవుడి మీద భారం వేసి పెట్రోలు పోసింది. మంట వెయ్యడానికి మాత్రం సరుకు వెతుక్కోవాల్సిన పనిలేకపోయింది. కాలు పక్కకు జరిపితే దూది.

తర్వాత పరిశుభ్రతకు షీల్డు. ఏసీ గదిలో ఉండే అకౌంట్సు విభాగానికి వచ్చింది. దుమ్ము లేవాలంటే అక్కడ ఎవరో ఒకరు కదలాలి కదా.

అతిథి తల ఎత్తి చూడలేదు. చూస్తే పైన దూలాల మీద, ట్యూబులైట్ల మీద, కరెంటు పెట్టెల లోపల ఏళ్ల తరబడి పేరుకున్న దూది నూగు కనిపించేది. పత్తిలో వచ్చిన చిన్న రాయో మేకో యంత్రంలో పడి ఒక్క నిప్పురవ్వ లేస్తే ఆ నూగు వెంట మంట ఎంత వేగంగా పాకుతుందో మిల్లులో పనిచేసే ఎవర్నడిగినా చెబుతారు. 2008లో అమెరికాలోని జార్జియాలో ఓ పంచదార కర్మాగారం పేలి 14 మంది చనిపోయారు. పేలింది పంచదార పొడి. మొదటి పేలుడుకు నేలమీదా దూలాలమీదా పేరుకున్న పొడంతా లేచి మళ్లీ మళ్లీ పేలింది. ఎప్పటికప్పుడు ఊడవకపోవడమూ ఒక ముఖ్య కారణమని అక్కడి విచారణలో తేల్చారు. పంచదారే ఆ పని చేస్తే దూది చేతులు కట్టుకు కూచుంటుందా?

ముందురోజు ఆ నేలంతా ఊడ్చింది ఆడకూలీలు. ఎండు చీపుర్లతో, ముక్కుకు పైటచెంగు అడ్డం పెట్టుకుని. నూగును పీల్చి తీసే యంత్రాలుంటాయి, కానీ వాటికి డబ్బవుతుంది, చెంగు వాళ్లదే కదా. పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు బిసినోసిస్ అని పేరుంది. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన రోజున ఛాతీ పట్టేస్తుంది. వాళ్ల ఊపిరి ఫ్లెక్సీ మీద రాయలేదు.

సభ అయ్యాక గుమాస్తా ప్రమాదాల రిజిస్టరు మురిపెంగా చూపించాడు. అందులో ఒక ముఠా కూలీ. రాత్రి షిఫ్టు, వీపున బోరెం (పత్తి నింపిన పెద్ద గోతం), దారిలో ఇనుప పట్టీ, దాని పక్కనే నూనె. కాలు విరిగింది. ‘కారణం’ అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: కార్మికుని అజాగ్రత్త.

“చూసుకుని నడవొద్దాండీ?” అన్నాడు గుమాస్తా.

ఎక్కడ చూసుకోవాలయ్యా? వీపున అంత బరువు వేసుకుని నడుం వంచి పోయేవాడు దేన్ని చూసుకోవాలి? ఆ పట్టీ వాడు పెట్టాడా? ఆ నూనె వాడు ఒలికించాడా? లైటు పోయిందని ఎన్నిసార్లు చెబితే మార్చారు మీరు? గంటలో ఎత్తించగలిగిన సామానని నిన్ననే రుజువైంది కదా, శాలువా కప్పించుకునే మనిషి వస్తున్నాడంటే ఎత్తించారుగా! వాడి కాలు విరక్కముందు ఆ గంట ఎందుకు దొరకలేదు? సిగ్గులేని రాత అది. తప్పు చేసినవాళ్లే కలం పట్టుకుని దెబ్బతిన్నవాడి పేరున రాసుకున్న రాత.

కోపం వచ్చింది, మన్నించాలి. వారోత్సవంలో కోపం కూడదు.

నాదో చిన్న విన్నపం. అతిథి వస్తేనే మిల్లు శుభ్రపడుతుంది కాబట్టి వచ్చే ఏడు అతిథి గారిని రాత్రి షిఫ్టుకు పిలవండి, చెప్పకుండా తీసుకురండి. వేదిక మీదికి కాదు, బోరేల వెనక దారిలోకి. బూట్లు విప్పించి హవాయి చెప్పులివ్వండి. వీపున ఒక బోరెం పెట్టండి, సగం నిండినదైనా ఫర్వాలేదు. ఆయన జారిపడ్డాక ‘కారణం’ గడిలో గుమాస్తా ఏం రాస్తాడో చూడాలని ఉంది. శాలువా ఖర్చు నాది.