జెట్టీకి కట్టేసిన మెరైన్ పోలీసుల కాపలా బోటు గారికి

బోటు గారూ,

క్షేమమే కదా? క్షేమంగానే ఉంటారు లెండి, సముద్రంలోకి వెళ్తే కదా ప్రమాదం!

మీ పక్కనే మా మరబోటు కడతాం, ఆ చనువుతో రాస్తున్నా. మీ జాతకం నాకు తెలుసు. 2005లో తీరభద్రత పథకం అన్నారు. మొదటి విడతలో దేశం మొత్తానికి 204 బోట్లు, 5 టన్నులవీ 12 టన్నులవీ. గోవాలో, కోల్‌కతాలో తయారై మీవాళ్లు చేతికి రావడం మొదలయ్యేసరికి 2009 వచ్చింది. ఈలోగా 2008 నవంబరు 26న పదిమంది ఉగ్రవాదులు ఓ చేపల బోటును లాక్కుని ముంబై వచ్చి దిగారు. ఆ రాత్రి ఒడ్డున వాళ్లను ముందు చూసింది కూడా మావాళ్లే, అక్కడి చేపలపేట జనం.

అప్పట్నుంచి మేం తీరానికి కళ్లూ చెవులూ అట. మీటింగు పెట్టినప్పుడల్లా టీ, బిస్కెట్‌తో పాటు ఈ మాటా పంచుతారు. మరి తమరు ఏ అవయవం? కాళ్లనుకుందామంటే కదలరాయె.

డీజిల్ లేదంటారు. డీజిల్ వస్తే మిమ్మల్ని నడిపే సరంగు సెలవు. ఇద్దరూ కుదిరిన రోజు ఇంజనుకి ఏదో సామాను రావాలి. మాకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులే. మీకు ఏడాది పొడుగునా.

కిందటి కార్తీకంలో మా గేరుబాక్సు పోయింది. ఒడ్డున దీపాలు కనిపించేంత దూరమే. మీ పోలీసులకి ఫోన్ చేస్తే లొకేషన్ అడిగారు, చెప్పాం. ‘ఎక్కడికీ వెళ్లకండి, అక్కడే ఉండండి’ అన్నారు. గేరుబాక్సు పోయినోళ్లం ఎక్కడికెళ్తాం బాబూ! తెల్లారుజామున పక్క ఊరి బోటు తాడేసి లాక్కొచ్చింది. వచ్చేసరికి మీరు మంచుకి తడుస్తూ కునుకు తీస్తున్నారు. మా లైసెన్సు, గుర్తింపు కార్డులు మాత్రం జెట్టీ మీదే తనిఖీ చేశారు.

కోస్ట్ గార్డు సంగతి వేరు. 1554 కొడితే పలుకుతారు, తుపాను వస్తుందంటే విమానంలో తిరిగి మరీ వెనక్కి పొమ్మంటారు. కానీ ఒడ్డు వార నీళ్లు తమరికే కదా అప్పజెప్పింది?

ఒక ఉపకారం ఒప్పుకోవాలి. మీ అడుగున గుల్లలు పట్టి, ఆ నీడకి చేపలు చేరుతున్నాయి. మా పిల్లలు అక్కడే గాలాలు వేస్తున్నారు.

రేపు వేకువన వేటకెళ్తున్నాం. సముద్రం చూడాలనిపిస్తే చెప్పండి, తాడేసి రెండు మైళ్లు తిప్పి తెస్తాం. డీజిల్ మాదే.

ఇట్లు,
మీ పక్క బోటు కళాసీ