టింపనీ వాద్యకారుడి పని తేలికేమీ కాదు
పాశ్చాత్య సంగీతపు సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ (స్వరానికి శ్రుతి చేయగల, గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్ములు) వాయించేవారికి కచేరీలో ఎక్కువ భాగం పనే ఉండదు కనుక అందరికన్నా తేలికైన స్థానం వారిదేనన్న ఒక వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. మన మృదంగ విద్వాంసులు గాయకుల శ్రుతికి వాద్యాన్ని సరిచేసుకుని సాధారణంగా కచేరీ అంతా ఆ శ్రుతిలోనే కొనసాగుతారు. టింపనీ వాద్యకారుడు మాత్రం చుట్టూ ఉన్న బృందమంతా వేరొక శ్రుతిలో వాయిస్తుండగానే, డ్రమ్ము మీదికి చెవి వంచి, వేలితో మెల్లగా తట్టి చూస్తూ, రాబోయే ఘట్టానికి కావలసిన స్వరాన్ని కాలితో నొక్కే పెడల్‌తో అమర్చుకోవాలి, ఆ విరామం ఎంతసేపో లెక్క కూడా తప్పకూడదు. పెడళ్లు లేని, జర్మన్ స్వరకర్త బీథోవెన్ కాలంలో ఇదంతా అంచు చుట్టూ ఉన్న మరలను చేత్తో తిప్పి చేయవలసి వచ్చేది. ఆయన 1806లో రచించిన వయొలిన్ కన్సర్టో (వయొలిన్ ప్రధానంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచన) టింపనీ ఒంటరిగా వాయించే నాలుగు మృదువైన దెబ్బలతో మొదలవుతుంది. బృందాన్ని నడిపించే కండక్టరు ఎంచుకున్న గతిని సభకు మొదట వినిపించేది ఆ ఒక్క మనిషే. బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ రెండవ భాగంలోనైతే ఒకే స్వరానికి ఒక స్థాయి తేడాతో శ్రుతి చేసిన రెండు డ్రమ్ములు, ఇతర వాద్యాలు మౌనంగా ఉండగా, దూసుకువచ్చి పలుకుతాయి. వయొలిన్ బృందంలో ఒకరు తడబడితే పక్కవారి నాదంలో అది కలిసిపోవచ్చు గానీ, టింపనీ దెబ్బ కాస్త ముందు పడినా చివరి వరుసలో కూర్చున్న నావంటి సామాన్య శ్రోతకు సైతం తెలిసిపోతుంది.