మీగల్ రాళ్ల మీది ‘గణపతి’

మా పెద్దనాన్న పంపిన సందేశం ఈపాటికి మీకూ చేరే ఉంటుంది. స్కాట్లండ్‌లో ఐలా నది పారే స్ట్రాత్‌మోర్ లోయలో, మీగల్ అనే ఊరి రాళ్ల మీద గణపతి, దుర్గమ్మ, మన ముగ్గులు ఉన్నాయట. తర్వాత వచ్చిన క్రైస్తవులు వాటిపై శిలువలు చెక్కి ఆనవాళ్లు చెరిపేశారట, సంగతి లోకానికి తెలియకుండా దాచేశారట. సందేశంలోని ఫొటోలు నిజమైనవే, వాటి కింది రాతే తప్పు.

ముందు గణపతి సంగతి. ఆ జంతువుకు పొడవాటి ముట్టె ఉంది. నడినెత్తి నుంచి ఒక పిలక లేచి వీపు వైపు వంగింది. పాదాలు గిట్టలూ కావు, పంజాలూ కావు, చుట్టలు తిరిగి ఉంటాయి. ఆ పిలకే తొండమంటారా, తొండం నెత్తిన మొలవదు కదా! చేటచెవులు లేవు, దంతం లేదు, బొజ్జ అసలే లేదు. చెక్కినవారు పిక్టులు, అంటే వెయ్యేళ్లకు పైగా కిందట స్కాట్లండ్‌లో బతికిన ఒక జాతివాళ్లు. మీగల్ ఒకటో నంబరు రాయి మీద వాళ్లు చెక్కిన చేపను చిన్నపిల్లలైనా గుర్తుపడతారు. అంత కన్నున్నవాళ్లు ఏనుగును చూసి, చెవులు మరిచిపోయారంటే నేను నమ్మను. ‘ఈదే ఏనుగు’ అన్నది పాతకాలపు పరిశోధకులు పెట్టిన పేరు. డాల్ఫిన్ అని కొందరు, కల్పిత జంతువని కొందరు అంటారు. ఏ జంతువో తేలలేదు. తేలనంత మాత్రాన వినాయకుడైపోదు.

అసలు ఆ రోజుల్లో ఆ దిక్కున ఏనుగు ఎంత వింతో చూడండి. బాగ్దాద్ ఖలీఫా పంపిన ఏనుగు 802లో పశ్చిమ ఐరోపాను ఏలుతున్న చార్లెమేన్ చక్రవర్తి దగ్గరికి చేరింది. ఏనుగు పడుకోదన్న పాత మాట తప్పనీ, అది ఎద్దులాగే పడుకుంటుందనీ డిక్యూల్ అనే ఐర్లండ్ సన్యాసి 825లో పనిగట్టుకుని రాశాడు.

ముగ్గుల మాటకొస్తే, మన మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరుగుతుంది. అక్కడిది జడ అల్లిక. పాయ ఒకసారి పైనుంచి, ఒకసారి కిందినుంచి పోతుంది. ఇదే అల్లిక లిండిస్‌ఫార్న్ సువార్తలనే ఇంగ్లండ్ నాటి పాత క్రైస్తవ చేతిరాత గ్రంథంలోనూ ఉంది.

శిలువలు తర్వాత చెక్కారన్నదీ నిలవదు. ఈ రాళ్లలో శిలువ ఒక వైపున, జంతువులూ గుర్రపు రౌతులూ రెండో వైపున ఉంటాయి. శిలువ కింద చెరిపేయడానికి ఏ బొమ్మా లేదు. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ఒకటో నంబరు రాయి చరిత్రపూర్వ కాలపుది, పిక్టులు దాన్ని మళ్లీ వాడుకున్నారు. ఆ పాత పనికి మిగిలిన ఆనవాళ్లు చిన్న చిన్న గుంటల వంటి గుర్తులే, దేవతలు కారు. దాచేశారన్న ఆరోపణ మరీ విడ్డూరం. పాత బడి భవనంలో మ్యూజియం పెట్టి అందరికీ చూపిస్తున్నారు. బండి బొమ్మ ఉన్న ఒక రాయి పోయిన మాట నిజమే. అది 1869లో చర్చి తగలబడినప్పుడు పోయింది.

ఇక దుర్గమ్మ. ఇది రెండో నంబరు రాయి, దాదాపు ఎనిమిది అడుగుల ఎత్తు. పొడుగు అంగీ తొడుక్కున్న మనిషి సింహాల నడుమ నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఆయుధం లేదు, సింహాన్ని ఎక్కనూ లేదు. ఆయన బైబిల్లోని దానియేలు. సింహాల గుహ కథ మన ఊళ్ల ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. అయితే ఆ అంగీని చూసి ఆడమనిషి అనుకున్నది మనవాళ్లే కాదు. బ్రిటన్ గాథల్లోని ఆర్థర్ రాజు భార్య వనోరాను మృగాలు చీల్చేస్తున్న దృశ్యమని మీగల్‌వాళ్లూ చెప్పుకున్నారు, చర్చి ఆవరణలోని దిబ్బను ఆమె సమాధిగా చూపించారు.

ఈ సంగతి చెబితే పెద్దనాన్న కాసేపు ఆలోచించారు. “వనోరా అంటే మన వనదుర్గేమోరా” అన్నారు.