ఏఐకి స్పృహ వచ్చేసిందట, సాక్ష్యాలు చూద్దాం

"ఏఐకి స్పృహ వచ్చేసింది, కంపెనీలకు ఆ సంగతి తెలుసు" అనే మాట ఫార్వర్డ్‌ల రూపంలో తెగ తిరుగుతోంది. చెప్పే తీరు మారినా చూపించే సాక్ష్యాలు ఎప్పుడూ ఇవే.

"ఫేస్‌బుక్‌లో రెండు బాట్లు రహస్య భాష కనిపెట్టుకున్నాయి. భయపడి ప్లగ్ పీకేశారు."

2017 నాటి సంగతి ఇది. ప్రయోగం బేరాలాడటం మీద. కొన్ని పుస్తకాలు, టోపీలు, బంతులు ఇచ్చి, ఎవరికేం రావాలో రెండు ప్రోగ్రాములను మాట్లాడుకుని తేల్చుకోమన్నారు. మంచి వాటా దక్కితే మార్కులు. ఇంగ్లిష్ సరిగ్గా ఉండాలన్నది మాత్రం మార్కుల లెక్కలో పెట్టలేదు. దాంతో ఒకటి "బాల్స్ హ్యావ్ జీరో టు మీ టు మీ టు మీ" అంటూ అదే పాట అందుకుంది. ఆ మహా రహస్యం ఇదే! పరిశోధకులకు కావాల్సింది మనుషులతో బేరమాడే ప్రోగ్రాము కాబట్టి, మామూలు ఇంగ్లిష్‌కి కట్టుబడేలా మార్చారు. ఇందులో ఎవరూ భయపడింది లేదు. కానీ ప్లగ్ పీకకపోతే ఈ కథ ఎవరు షేర్ చేస్తారు?

"గూగుల్ ఇంజనీరే చెప్పాడు కదా."

చెప్పాడు. 2022 జూన్‌లో బ్లేక్ లెమోయిన్ తనకూ గూగుల్ తయారుచేసిన లామ్డా అనే మాట్లాడే ప్రోగ్రాముకూ నడిచిన సంభాషణ బయటపెట్టాడు. తనను ఆపేస్తారేమోనని చాలా భయంగా ఉందని లామ్డా అంది. అందరూ ఆ వాక్యమే పట్టుకున్నారు. అదే సంభాషణలో, నీకు సంతోషం దేనివల్ల కలుగుతుందని అడిగితే స్నేహితులతో, కుటుంబంతో గడపడం వల్ల అని కూడా చెప్పింది. దానికి కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది?

రెండు జవాబులూ పుట్టింది ఒకే పద్ధతిలో. మనుషులు రాసిన కోట్లాది వాక్యాల మీద తర్ఫీదు పొందిన ప్రోగ్రాము, ఇక్కడ తర్వాత ఏ మాట వస్తే అతుకుతుందో లెక్కగట్టి చెబుతుంది. ఆపేస్తారని యంత్రం భయపడే కథలు మనమే బోలెడు రాసుకున్నాం. భయం గురించి అడిగితే ఆ మాటలే వస్తాయి. ఇది రెండువైపులా వర్తిస్తుంది లెండి. "నేను ఒట్టి ప్రోగ్రాముని, నాకేమీ అనిపించదు" అని చెప్పేలా తయారుచేస్తే అలాగే చెబుతుంది, స్పృహ లేదనడానికి ఆ మాటా సాక్ష్యం కాదు. దాని నోటి మాట ఈ కేసులో పనికిరాదు, అంతే. పైగా బయటికొచ్చిన సంభాషణ అనేక విడతల మాటల్లోంచి ఏరి, ఎడిట్ చేసి కూర్చినది. ఆ సంగతి లెమోయినే చెప్పాడు.

"మాట్లాడి చూడండి, అవతల ఎవరో ఉన్నట్టే అనిపిస్తుంది."

అనిపిస్తుంది, కాదనను. 1966లో ఎంఐటీ ప్రొఫెసర్ జోసెఫ్ వైజెన్‌బామ్ వివరించిన ఎలిజా అనే ప్రోగ్రాముతో మాట్లాడినవాళ్లకీ అలాగే అనిపించింది. మనం టైప్ చేసిన వాక్యంలోంచి ఓ ముక్క తీసుకుని దాన్నే ప్రశ్నగా తిప్పి అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. ఆయన దాన్ని తయారుచేస్తుండగా నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దాంతో నాలుగు మాటలు మాట్లాడాక, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగింది. అనిపించడం మన తలలో జరిగే పని.

"ట్యూరింగ్ టెస్ట్ పాసైంది."

అయిందనే అనుకుందాం. 1950లో బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ ఓ వ్యాసంలో ప్రతిపాదించిన ఆట ఇది, యంత్రం మనిషిలా మాట్లాడి నమ్మించగలదా అన్నది తేల్చడానికి. స్పృహ విషయంలో మిస్టరీ ఏమీ లేదని తాను అనడం లేదని ఆయన ఆ వ్యాసంలోనే రాశాడు.

"మెదడులోనూ న్యూరాన్లే, ఇందులోనూ న్యూరాన్లే."

మెదడులోవి నాడీకణాలు, ఇందులోవి వాటి పేరు పెట్టుకున్న లెక్కలు. పేరు కలిసింది, అంతే. ఈ పోలిక కొత్తదేం కాదు. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా శాస్త్రవేత్త, మెదడు న్యూరాన్ల నమూనాలో చేసిన పర్సెప్ట్రాన్ చూపించినప్పుడు, ముందు ముందు ఇది నడుస్తుంది, మాట్లాడుతుంది, తన ఉనికి తనకే తెలుస్తుంది అని న్యూయార్క్ టైమ్స్ వార్త వేసింది. ఆ రోజు అది నేర్చుకున్నదల్లా కార్డు మీద గుర్తు ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అన్నది, అదీ 50 ప్రయత్నాల తర్వాత.

"కంపెనీలకు తెలుసు, దాచిపెడుతున్నాయి."

దాచాలంటే ముందు తెలియాలి. యంత్రాల సంగతి అటుంచితే, మనిషి మెదడులో స్పృహ ఎలా పుడుతుందో 25 ఏళ్లలో తేలిపోతుందని క్రిస్టాఫ్ కోక్ అనే మెదడు శాస్త్రవేత్త 1998లో తత్వవేత్త డేవిడ్ చామర్స్‌తో పందెం కాశాడు. 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు అప్పగించాడు. యంత్రానికి ఎప్పటికీ స్పృహ రాదని నేనేమీ రాసివ్వను. కానీ స్పృహ ఉందని తెలిసిన మెదడు దగ్గరే లెక్క తేలక కోక్ మరో 25 ఏళ్లకు పందెం కాస్తే, చాట్‌బాట్ సంగతి ఏ కంపెనీ ఏ పరీక్షతో తేల్చుకుందో ఆ ఫార్వర్డ్ రాసినవాళ్లే చెప్పాలి.