మూడు కుర్చీల సారుగారు

మా భీమవరం వైపు ఒక బిజినెస్ కాలేజీకి కొత్త ప్రొఫెసర్‌గారొచ్చారండి. పరిశ్రమ, ప్రభుత్వం, పాఠం మూడూ చూసిన మేధావి అని గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారు. ఆయన కెరీర్‌ని నేను భక్తిగా స్టడీ చేశా, ఇలాంటోళ్లు జిల్లాకొకరైనా ఉండాల్సిందే.

మొదట కంపెనీ. 2009లో వనామీ రొయ్యకి అనుమతొచ్చి డెల్టాలో వరిచేలు వరసపెట్టి చెరువులైపోతుంటే సారు మేతల కంపెనీలో మార్కెటింగ్ పెద్ద. రైతు చేతిలో డబ్బుండదు కాబట్టి డీలర్ చేత మేత అప్పుకి ఇప్పించాలి, పట్టుబడి రోజు (చెరువులో రొయ్యలు పట్టే రోజు) డీలరు చెప్పినోడికే సరుకు తూయాలి, బాకీ పోను మిగిలింది (మిగిలితే) రైతుకివ్వాలి. ఇదేం కొత్త కాదు, కమీషన్ కొట్లలో మా తాతలనాటి నుంచీ ఉన్నదే, సారు దానికి ఇంగ్లీషు పేరు పెట్టి స్లైడ్లు చేశారు, ప్రమోషనొచ్చింది.

తర్వాత ప్రభుత్వంలో సలహాదారు. అక్కడ రిపోర్టు రాశారు: అప్పు మేత వల్ల రైతు డీలర్‌కి కట్టుబడిపోతున్నాడు, కౌంటుకి (కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కకి) రేటెంత అని గట్టిగా అడగలేకపోతున్నాడు, దీన్ని అరికట్టాలి అని. నిజం చెప్పాలంటే అందులో అక్షరం తప్పు లేదు, ఆ సంగతి ఆయనకంటే బాగా తెలిసినోళ్లెవరండీ. ఈ పద్ధతిని ఊరూరా తిప్పిందెవరంటే మాత్రం "కొన్ని మార్కెట్ శక్తులు" అని రాసి ఊరుకున్నారు, అంత నిరాడంబరుడు.

ఇప్పుడు పాఠాలు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అని పెట్టింది కదా, పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, 15 ఏళ్ల అనుభవం చాలు, ఆ పోస్టులో మొత్తం కలిపి 4 ఏళ్లు దాటి ఉండకూడదు. సారుకి కొలత తీసి కుట్టినట్టుంది. చెరువులో పిల్ల వేస్తే మూడు నాలుగు నెలల్లో లెక్క తేలిపోద్ది, తెల్లమచ్చ రోగం తగిలితే ఇంకా ముందే తేలిపోద్ది, రైతు గట్టు దిగి ఎక్కడికీ పోలేడు. సారుకి మాత్రం లెక్క తేలేలోపు కుర్చీ మారిపోద్ది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్తే ఇక్కడ రొయ్య కొనేవాళ్లు రేటు దించేశారు, సారు రిస్క్ మీద సెమినార్ పెట్టారు. కాఫీ బావుంది.

క్లాసులో ఆయన కేస్ స్టడీ ఆ అప్పు మేత స్కీమే. ఒకే స్లైడు, కంపెనీలో విజయగాథ, సచివాలయంలో సమస్య, ఇక్కడ 20 మార్కుల ప్రశ్న. "ఇందులో తప్పెవరిది, చర్చించుము" అంటే ఆకివీడు వైపు కుర్రాడొకడు లేచి డీలర్‌దే సార్ అన్నాడంట. వాడి ఫీజు కట్టిందీ ఆ డీలరే, పట్టుబడిలో చూసుకుందాం అని.

అసలు నా ప్రతిపాదన ఏంటంటే, ఆ కుర్రాడి నాన్నని కూడా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా తీసుకోవాలి. వనామీ వచ్చినప్పట్నుంచీ అదే చెరువు మీదున్నాడు, 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి, పీహెచ్‌డీ ఎలాగూ అక్కర్లేదు. ఆయనకి చెప్తే "ఆయ్, మనకెందుకండీ అయ్యన్నీ" అని సిగ్గుపడ్డాడు గానీ, పక్కనే కుర్చీలో కూర్చున్న డీలర్‌గారు మాత్రం వెంటనే ఒప్పేసుకున్నారు.

"పెట్టెయ్ బావా, దరఖాస్తు ఖర్చులు నేను పెడతాలే, ఖాతాలో రాసుకుంటా."