తడవకముందు మాట

బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన సెయిల్‌ను, అంటే తెరచాపను, రెండు చేతులా పట్టుకుని, గాలి ఎటు తోస్తే అటు కాకుండా మనం అనుకున్న వైపు నీటి మీద దూసుకుపోవడాన్ని విండ్‌సర్ఫింగ్ అంటారు. అంటారని నేనూ విన్నాను. ఈమధ్య ఈ ఆటలో ఒక దురలవాటు ముదురుతోంది. కొత్తగా కొన్న సామాను నీళ్లలోకి తీసుకెళ్లి, బాగా తడిపి, ఆ తరువాత ఒడ్డుకొచ్చి దాని మీద తొలి అభిప్రాయం చెబుతున్నారు.

ఇది ఎంత అన్యాయమో ఎవరో ఒకరు చెప్పాలి. ఆ అర్హత నాకుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున, ఫోస్టర్ సిటీలో పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నాను. విండ్‌సర్ఫర్లంతా దిగే థర్డ్ అవెన్యూ మా ఇంటికి కారులో అయిదు నిమిషాలు. గరాజ్‌లో మూడు బోర్డులు, ఆరు సెయిళ్లు, సెయిల్‌ను నిలబెట్టే స్తంభాలు, అంటే మాస్టులు, నాలుగు ఉన్నాయి. కారు వీధిలో ఉంటుంది. ఇన్నేళ్లలో ఇరవై కొత్త వస్తువుల మీద తొలి అభిప్రాయం ప్రకటించాను. అందులో పంతొమ్మిది, వస్తువు పొడిగా ఉండగా చెప్పినవి. ఆ పంతొమ్మిదింటిలో ఒక్క అక్షరం కూడా ఇంతవరకు మార్చుకోవలసిన పని పడలేదు. నీళ్లలోకి వెళ్లొచ్చి చెప్పిన ఆ ఇరవయ్యోదాన్ని మాత్రం ఒకే మధ్యాహ్నంలో మూడుసార్లు మార్చుకున్నాను.

ఆ ఇరవయ్యోది ఒక బోర్డు. నా బరువు 82 కిలోలు. బోర్డు ఏడెనిమిది కిలోలుంటుంది, సెయిలూ మాస్టూ, చేత్తో పట్టుకునే అడ్డకర్ర బూమూ కలిపి మరో ఎనిమిదో తొమ్మిదో. అంతా కలిపితే వందకు అటూ ఇటూ. లీటరు నీటి బరువు కిలో కాబట్టి, కదలకుండా నిలబడ్డా తేలాలంటే వంద లీటర్లకు పైబడిన బోర్డు కావాలని ఆర్కిమెడీస్ ఎప్పుడో చెప్పాడు. నేను కొన్నది 85 లీటర్లది. ఎందుకంటే హవాయిలోని మావీ ద్వీపంలో, హుకీపా తీరం అలల మీద ఎగురుతున్న ఒకాయన ఫొటోలో కాళ్ల కింద ఉన్నది అంత చిన్నదే. ఆర్కిమెడీస్ ఫొటో నేను చూడలేదు.

గరాజ్‌లో అది అద్భుతంగా ఉంది. నీళ్లలో దించి ఎక్కితే, బోర్డు మీద నిలబడి ఉన్నాను, మోకాళ్ల దాకా నీళ్లలోనూ ఉన్నాను. మొదటి అరగంట తరువాత నా అభిప్రాయం: "చాలా హుషారైన బోర్డు." రెండో అరగంట తరువాత: "నేర్పు అడుగుతుంది." సాయంత్రానికి: "అమ్మకానికి ఉంది."

దోషం బోర్డుది కాదు, నీటిది. నీళ్లలోకి దిగామంటే అలలొస్తాయి, గాలి వస్తుంది, అన్నిటికన్నా ముఖ్యంగా మనం వస్తాం. ఇన్ని అడ్డంకుల మధ్య వస్తువు గుణం ఎవడికి తెలుస్తుంది?

అందుకే నా పద్ధతి ఇది. హాల్లో సోఫా గోడకు జరపాలి. సెయిల్‌ను సంచిలోంచి తీసి కార్పెట్ మీద పరవాలి. మాస్టు రెండు ముక్కలనూ కలిపి సెయిల్ అంచున ఉన్న గొట్టంలోకి దూర్చాలి. సెయిల్ మీద అచ్చేసిన అంకెలు చూసుకోవాలి: లఫ్, అంటే సెయిల్ ముందు అంచు, 422 సెంటీమీటర్లు, బూమ్ 168, మాస్టు 400. కింద కప్పీకి తాడు తగిలించి, మాస్టు కాలికి కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి లాగాలి. దీన్ని డౌన్‌హాల్ అంటారు. ఎంత లాగాలంటే, మాస్టు విల్లులా వంగి, సెయిల్ పైభాగంలో వెనక అంచు వదులై అల్లల్లాడే దాకా. నిలబెడితే సీలింగ్‌కు తగులుతుంది కాబట్టి పడుకోబెట్టే బూమ్ పట్టుకుని నాలుగు అంగుళాలు లేపి, కళ్లు మూసుకుని అనాలి: "చేతిలో తేలిగ్గా ఉంది."

ఇంతే. విండ్‌సర్ఫింగ్ తొలి అభిప్రాయాలన్నీ చివరికి చేరే వాక్యం ఇదే. పదకొండేళ్లలో "బరువుగా ఉంది" అన్నవాణ్ని నేను చూడలేదు. ఫ్రీమాంట్‌లో ఉండే మా బావ ప్రతి వసంతంలోనూ కొత్త సెయిల్ తెచ్చి పార్కింగ్ లాట్‌లో పరుస్తాడు.

"తేలిగ్గా ఉందా బావా?"

"ఈక రా బాబూ."

"మరి పోయినేడాదిదో?"

"అదీ ఈకే. ఇది ఇంకా ఈక."

ఈ లెక్కన ఆయన మొదట కొన్న సెయిల్ కనీసం రుబ్బురోలంత ఉండి ఉండాలి. ఆరోజు కూడా ఆయన ఈకే అన్నాడు. నేను సాక్షిని.

మన పెళ్లిసంబంధాల భాష తెలిసినవాళ్లకు ఈ భాష కష్టం కాదు. "అబ్బాయి బాగా కలుపుగోలు" అంటే మనకెలా అర్థమవుతుందో, "బోర్డు లైవ్లీగా ఉంది" అంటే విసిరికొట్టిందని అలాగే అర్థమవుతుంది. "లాక్డ్ ఇన్‌గా ఉంది" అంటే మలుపు తిప్పలేకపోయాడు. "ఫర్గివింగ్" అంటే పడ్డాడు గానీ ఎవరూ చూడలేదు. "త్వరగా ప్లేనింగ్‌కి వస్తుంది", అంటే నీటి పైకి లేచి జారుతుంది అన్నారంటే, ఇంకా నీళ్లలో పెట్టలేదు.

అసలు ఈ ఆట పుట్టిన రోజుల్లో పాపం వాళ్లకు ఈ సుఖం లేదు. 1964లో పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే ఆయన ఒక పలక మీద సెయిల్ నిలబెట్టాడు. 1968లో కాలిఫోర్నియాలో హోయల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ కలిసి, మాస్టు ఎటు కావాలంటే అటు వాలేలా కీలు పెట్టి పేటెంటుకు దరఖాస్తు చేశారు. 1970లో వచ్చింది. 1980లలో అది ఇంగ్లండ్ కోర్టుకెక్కితే, 1958లోనే హేలింగ్ ఐలండ్ దగ్గర పీటర్ చిల్వర్స్ అనే పన్నెండేళ్ల కుర్రాడు ఇలాంటిదే సొంతంగా తయారుచేసి తిరిగాడని తేలి, అక్కడ ఆ పేటెంటు చెల్లకుండా పోయింది. ఇంత వాదన జరిగింది కదా, "బాబూ, చేతిలో తేలిగ్గా ఉందా?" అని ఆ కుర్రాణ్ని ఒక్క లాయరైనా అడిగి ఉండడని నా అనుమానం.

ఆ తొలినాళ్ల బోర్డు అందరిదీ ఒకటే, పన్నెండడుగులది. సెయిలూ అందరిదీ ఒకటే. బూమ్ టేకు కర్ర. నీ దగ్గరున్నదే నా దగ్గరా ఉంటే పార్కింగ్ లాట్‌లో పరిచి ఏం చూపిస్తారు? చేసేది లేక నీళ్లలోకి దిగేవారు. 1976లో బహామాస్‌లో ప్రపంచ పోటీలు జరిగితే రాబీ నైష్ అనే పదమూడేళ్ల పిల్లాడు గెలిచాడు. పదమూడేళ్లవాడికి క్రెడిట్ కార్డు ఉండదు. అతని విజయరహస్యం అంతకుమించి వెతకక్కర్లేదు. ఇప్పటికీ పెద్ద పోటీల్లో కొన్నిచోట్ల ఈ దుస్థితి ఉంది. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన ఈబాద్ అలీ కాంస్యం తెచ్చిన ఆర్‌ఎస్:ఎక్స్ తరగతిలో అందరికీ ఒకే రకం బోర్డు, ఒకే రకం సెయిల్. పతకం తెచ్చినవాణ్ని "కొత్తగా ఏం కొన్నావు?" అని అడిగే వీలు కూడా లేకపోతే ఇంక మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

సరే, ఆరు సెయిళ్లెందుకు అని మా ఆవిడ అడుగుతుంది. ఇది న్యాయమైన ప్రశ్న, జవాబు కూడా ఫిజిక్స్‌లో ఉంది. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగు రెట్లవుతుంది. పది నాట్ల గాలికి పట్టిన సెయిల్ ఇరవై నాట్లలో పడితే మనిషిని పట్టుకుని గిరాటేస్తుంది. కాబట్టి గాలి పెరిగేకొద్దీ సెయిల్ తగ్గాలి. మామూలు మనిషికి మూడు చాలు. కానీ 5.0 చదరపు మీటర్ల సెయిల్‌కీ 5.7కీ మధ్య ఖాళీ ఉంది కదా. ఆ ఖాళీ రాత్రిళ్లు నన్ను నిద్రపోనివ్వలేదు. 5.3 కొన్నాను. ఇప్పుడు 5.3కీ 5.7కీ మధ్య ఖాళీ ఉంది.

కొన్నది సెయిల్ ఒక్కటే అయితే బాగానే ఉండేది. ఒకే పొడవున్న మాస్టులు కూడా కంపెనీని బట్టి వేరువేరుగా వంగుతాయి. కొందరివి కింద గట్టిగా, కొందరివి పైన గట్టిగా. ఈ సెయిల్ తన కంపెనీ మాస్టే కావాలంది. ఆ మాస్టు సన్నరకం, నా దగ్గరున్న ఎక్స్‌టెన్షన్, అంటే మాస్టు పొడవు పెంచే కింది ముక్క, లావురకం, ఇంకోటి కొన్నాను. బూమ్ ముందు క్లాంపు సన్న మాస్టును సరిగ్గా పట్టలేదు, బూమ్ కొన్నాను. ఇన్ని వచ్చాక బోర్డు అడుగున ఉండే రెక్క, పాత ఫిన్ ఒక్కటే వెలవెలబోయింది. గోచీని ఎలుక కొరికిందని పిల్లిని, పిల్లికి పాలకని ఆవును, ఆవును కాయడానికని పెళ్లాన్ని తెచ్చుకున్న సన్యాసిని చూసి చిన్నప్పుడు నవ్వాను. కౌపీన సంరక్షణార్థం. ఆయనకు కనీసం పాలు దొరికాయి.

ఇక గాలి సంగతి. వేసవిలో లోపలి సెంట్రల్ వ్యాలీ ఎండకు కాగిపోతుంది. అక్కడి వేడిగాలి పైకి లేచి ఖాళీ చేసిన చోటికి పసిఫిక్ మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచీ, శాన్ బ్రూనో కొండల పల్లంలోంచీ తోసుకుని వస్తుంది. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య మొదలై సాయంత్రం దాకా ఉంటుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాదాపు ఉద్యోగస్తుడిలా టైముకు వస్తుంది. చిక్కేమిటంటే, గాలి మూడింటికొస్తుంది, మేనేజరూ మూడింటికే మీటింగ్ పెడతాడు. మీటింగ్ అయ్యి నేను ఒడ్డుకు చేరేసరికి ఎవరో ఒకరు నడుముకు కట్టుకునే హార్నెస్ విప్పుకుంటూ "నిన్న రావాల్సింది" అంటారు. నిన్న కూడా వచ్చాను. నిన్న మొన్న రావాల్సింది అన్నారు. పాత మోడళ్ల మీద తగ్గింపులు మాత్రం సీజన్ అయిపోయాక, ఆకు కదలని రోజుల్లో వస్తాయి. అంటే కొనడానికో కాలం, గాలికో కాలం. ఈ రెండూ కలవకుండా ప్రకృతే చూసుకుంటుంటే, మనిషి పంతం పట్టి కలపడమెందుకు?

వేగం విషయంలోనూ నీటి ప్రమేయం అక్కర్లేదని మా బావ రుజువు చేశాడు. నమీబియాలో ల్యూడరిట్జ్ దగ్గర పందేల కోసమే ప్రత్యేకంగా తవ్విన కాలువలో, 2015లో ఆంత్వాన్ అల్బో 53.27 నాట్ల వేగం అందుకున్నాడు. గంటకు 98 కిలోమీటర్ల పైమాటే. మా బావ కొత్త జీపీఎస్ వాచీ పెట్టుకుని వచ్చిన మొదటి రోజే 60 నాట్లు చూపించాడు. వాచీ ఆపడం మరిచిపోయి ఫ్రీవే మీద ఇంటికెళ్లాడని గిట్టనివాళ్లు అంటారు. బోర్డు కారు పైనే ఉంది కదా, సాంకేతికంగా అది వెళ్లిన వేగం అదే.

పెద్ద దేశాలు కూడా మెల్లగా నా దారికే వస్తున్నాయి. 2024 ఒలింపిక్స్‌కు మార్సెయ్‌లో జరిగిన విండ్‌సర్ఫింగ్ అంతా ఫాయిల్ బోర్డుల మీదే. బోర్డు కింద పొడుగాటి కాలు, దాని చివర విమానం రెక్కల్లాంటివి. వేగం అందుకోగానే ఆ రెక్కలు నీటిలోపలే ఉండి బోర్డును పైకి లేపేస్తాయి. బోర్డు గాలిలో, మనిషి గాలిలో, చప్పుడు లేదు. గమనించారా? ముప్పావు వంతు సామాను నీళ్లు తగలకుండా కాపాడుకోవడానికి మానవజాతికి అరవై ఏళ్లు పట్టింది. మిగిలిన పావు వంతునూ పైకి తీసేస్తే నేనున్న చోటికి వచ్చేస్తారు.

నిజానికి మన తెలుగువాళ్లకు ఇది చెప్పాల్సిన అవసరమే లేదు. కొత్త కారు సీట్ల మీద ప్లాస్టిక్ కవరు మూడేళ్లు తీయని జాతి మనది. రిమోట్‌కు తొడుగు వేసి బటన్లు కనపడకపోయినా అలాగే నొక్కుతాం. అద్దాల అల్మరాలోని డిన్నర్ సెట్లో తిన్నవాడు మా వంశంలో లేడు.

మే నెలలో కాకినాడ నుంచి మా అమ్మ వచ్చింది. 5.3 వచ్చిన రోజు హాల్లో పరిచి ఉంటే చుట్టూ తిరిగి చూసింది. చిన్నప్పుడు ఉప్పాడలో ఇలాంటివి చాలా చూసిందట.

"తెరచాప బాగుంది గానీ, పడవేది నాయనా?"

బోర్డు చూపించాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత పసుపూ కుంకుమా తెచ్చి బొట్లు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెడదామంటే చక్రాలు లేవు. బోర్డును కారు మీదకెక్కించి, కారు చక్రాల కింద పెట్టి తొక్కించాం. కొబ్బరికాయ మాత్రం బోర్డు ముక్కు మీదే కొడతానంది. లోపల ఉన్నది నురుగు, పైన కార్బన్ పొర గుడ్డుపెంకంత, మాస్టు తగిలితేనే పగులుతుందని బతిమాలి గుమ్మం మీద కొట్టించాను. "అంత సుకుమారమైతే సముద్రంలో ఎలా పెడతార్రా?" అంది. అదే కదా నేనూ అంటున్నది.

పోయిన శనివారం మా బావ ఫోన్ చేసి, ఈసారి సామాను తడిసి ఉన్న ఫొటో ఉంటేనే నా అభిప్రాయం లెక్కలోకి తీసుకుంటామని చెప్పాడు. థర్డ్ అవెన్యూ విండ్‌సర్ఫర్లలో ఒక్కడూ నన్ను నమ్మడం లేదట. చేసేది లేక బోర్డునూ సెయిల్‌నూ డ్రైవ్‌వేలోకి తెచ్చి, గడ్డికి నీళ్లు పట్టే పైపు తీసుకుని, చుక్కలు అందంగా నిలిచేలా సన్నగా చల్లాను. ఫోన్ కోసం లోపలికి వెళ్లి వచ్చేసరికి అమ్మ పాత తువ్వాలుతో బోర్డంతా తుడిచేసి, సెయిల్ మీద దుప్పటి కప్పి, పైపు కట్టేసి నిలబడి ఉంది.

"ఇంత డబ్బు పోసి కొన్నదాన్ని ఎవరైనా నీళ్లలో తడుపుతార్రా?"