కేసు గెలిచినా ఇల్లు దొరకదా?

అమెరికాలో అద్దెదారుపై ఎవిక్షన్ కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు, పడితే చాలు, మరో ఇల్లు దొరకడం కష్టమే. తీర్పుతో పనిలేదు. యజమాని కేసు వేసిన రోజే అద్దెదారు పేరు కోర్టు రికార్డులకెక్కుతుంది. తర్వాత కోర్టు కొట్టేసినా, బాకీ కట్టేసినా, యజమానే వెనక్కి తగ్గినా చాలా రాష్ట్రాల్లో ఆ పేరు చెరగదు. అద్దెకొచ్చేవాళ్ల పూర్వాపరాలు ఆరా తీసే స్క్రీనింగ్ కంపెనీలు దాన్ని పట్టుకెళ్లి కొత్త యజమానులకు అమ్ముకుంటాయి. ఏడేళ్ల దాకా అమ్ముకోవచ్చు, ఫెడరల్ చట్టమే ఒప్పుకుంటుంది. హత్యకేసు నిందితుడినైనా నేరం రుజువయ్యేదాకా నిర్దోషి అంటారే, అద్దెదారుకు ఆపాటి మర్యాద కూడా లేదా?

పోనీ ఆ రికార్డులైనా సరిగ్గా ఉన్నాయా? ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలోని ఎవిక్షన్ ల్యాబ్ పరిశోధకులు 12 రాష్ట్రాల రికార్డులు తిరగేస్తే సగటున 22 శాతం అస్పష్టంగానో తప్పుగానో ఉన్నాయని 2020లో తేలింది. అద్దె ఆలస్యమైన ప్రతిసారీ అదే కుటుంబంపై కేసు వేసి డబ్బు రాబట్టే యజమానులూ ఉన్నారు. వాళ్లకది వసూళ్ల పద్ధతి, ఆ కుటుంబానికి మాత్రం ఏళ్ల తరబడి మచ్చ. అందుకే హీటర్ పనిచేయకపోయినా, పైకప్పు కారుతున్నా చాలామంది నోరెత్తరు. గొడవపడితే కేసు, కేసు పడితే గెలిచినా ఓడినట్టే.

అద్దె ఎగ్గొట్టేవాళ్లెవరో యజమానికి తెలియాలన్న వాదన ఉంది, కాదనం. అయితే తీర్పు వచ్చాక తెలుసుకోవచ్చు.

ప్రభుత్వ గృహవిధానం సంగతి మరీ విడ్డూరం. పేద కుటుంబం ఏళ్లు ఎదురుచూస్తే, అద్దెలో కొంత ప్రభుత్వమే కట్టే సెక్షన్ 8 వోచర్ వస్తుంది. గడువులోగా ఇల్లు వెతుక్కోకపోతే అదీ పోతుంది. ఆ కుటుంబం ఏ గడప తొక్కినా, రుజువు కాని పాత కేసే ముందు కనబడుతుంది. వోచర్ ఇచ్చేదీ ప్రభుత్వమే, దాన్ని చిత్తుకాగితం చేసే రికార్డును బజార్న పెట్టిందీ ప్రభుత్వ కోర్టే.

దారి లేదనడానికి వీల్లేదు. కాలిఫోర్నియాలో 2017 నుంచి, కేసు వేసిన 60 రోజుల్లో యజమాని గెలిస్తే తప్ప రికార్డు సాధారణంగా బయటికి రాదు. పాత కేసు చూపి ఇల్లు నిరాకరించకూడదని న్యూయార్క్ 2019లో చట్టం చేసింది. మాకు కాలిఫోర్నియా పద్ధతే నయమనిపిస్తుంది. కాగితం చేతికిచ్చి చదవొద్దంటే ఎవరాగుతారు?

ఇళ్ల కొరతపై ప్రతి ఎన్నికల్లోనూ ఉపన్యాసాలు దంచే మిగతా రాష్ట్రాల నేతలు దీనికైనా కదలాలి. ఇందుకు కొత్తగా ఒక్క ఇల్లూ కట్టక్కర్లేదు. తీర్పు రాని కేసును మూసి ఉంచాలని చట్టంలో ఒక్క వాక్యం రాయడానికి ఇంకెన్ని సమావేశాలు కావాలి?